దయ్యానికి రేషన్ కార్డు: నవ్వించే మాయకథ రాసి, సొంతంగా అచ్చు వేసుకునే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండి తెలుగు పుస్తకం వేసుకునేవారు ముందు ఒక లెక్క ఒప్పుకోవాలి. ఇక్కడ తెలుగు మాట్లాడే ఇళ్లు బోలెడు. తెలుగు అచ్చు గబగబా చదివేవాళ్లు మాత్రం అంతమంది లేరు. ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకున్న పిల్లలకు మామ్మ చెప్పే కథ అక్షరం పొల్లుపోకుండా అర్థమవుతుంది. అదే కథ పుస్తకంలో చూపిస్తే కూడబలుక్కుంటారు. అందుకే ఇక్కడి రచయిత చెవికి రాయాలి. ఇంట్లో ఒకరు పైకి చదువుతుంటే నలుగురూ విని నవ్వాలి. అధ్యాయం పొడవు, అక్షరం సైజు, ప్రతుల సంఖ్య అన్నీ దీన్ని బట్టే తేలతాయి.

సరుకుకు కొదవ లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఒడిశాలోకి పోయింది, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రా వైపు మిగిలింది. కొఠియా పల్లెల మీద రెండు రాష్ట్రాల తగువు ఈనాటికీ తెగలేదు. అక్కడ రెండు వైపుల కార్డులూ ఉన్నవాళ్లు ఉన్నారు. మహేంద్రగిరి మీద చిరంజీవి పరశురాముడు ఇంకా తపస్సులో ఉన్నాడని నమ్మకం. చావులేనివాణ్ని కూడా పింఛను ఆఫీసు ఏటా లైఫ్ సర్టిఫికెట్ తెమ్మంటే ఏమవుతుంది? బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో, వేషగాళ్ల మధ్య ఒక నిజం దయ్యం నడిస్తే దానికి మూడో బహుమతి వస్తుందా? ఇలాంటి ప్రశ్న ఒక్కటి గట్టిగా దొరికితే నవలకు చాలు. రెండోది వచ్చే పుస్తకానికి దాచుకోండి.

ముందు నిబంధనలు, తర్వాత నవ్వు

మాయ ఉన్న కథలో నవ్వు పుట్టేది మాయలోంచి కాదు, మాయకున్న నిబంధనల్లోంచి. దయ్యం ఏమైనా చేయగలిగితే దానికి కష్టం లేదు, కష్టం లేకపోతే కథా లేదు, నవ్వూ లేదు. అందుకని మొదటి అధ్యాయం మొదలుపెట్టకముందే ఒక్క కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోవాలి: ఈ మాయ ఏం చేయగలదు, ఏం చేయలేదు, వాడితే ఏం ఖర్చవుతుంది, దాని మీద పెత్తనం ఎవరిది. కాగితం రెండో వైపుకు వెళ్లిందంటే నిబంధనలు ఎక్కువైనట్టే.

ఉదాహరణకు సరిహద్దు మీద ఒక చింతచెట్టు, దాని మీద ఒక ముసలి దయ్యం. ఒకే ఒక్క నిబంధన పెడదాం: అది చెట్టు నీడ దాటి పోలేదు. ఇక నీడ లెక్క చూడండి. పొద్దున నీడ పొడుగ్గా పడమటికి పడుతుంది, సాయంత్రం తూర్పుకు. మిట్టమధ్యాహ్నం చెట్టు మొదలు దగ్గరకు ముడుచుకుంటుంది. రేషన్ ఆఫీసు చెట్టుకు పడమట ఉందనుకుందాం. దయ్యం పొద్దున్నే వెళ్లాలి. ఆఫీసు తెరిచేది పదిన్నరకు, గుమస్తా వచ్చేది పదకొండుకు, అప్పటికి నీడ గుమ్మంలోంచి వెనక్కి జరుగుతూ ఉంటుంది. "లంచ్ తర్వాత రండి" అన్న మాట మామూలు మనిషికి చిరాకు, ఈ దయ్యానికి అసాధ్యం. అమావాస్య రాత్రి నీడే ఉండదు గనక, లోకంలోని దయ్యాలన్నీ తిరిగే రోజున మన దయ్యం ఇంట్లోనే పడి ఉంటుంది. ఇవేవీ ప్రత్యేకంగా కల్పించనక్కర్లేదు, నిబంధనలోంచి వాటంతట అవే రాలతాయి.

ఇక్కడ తప్పు జరిగేది ఎనిమిదో, తొమ్మిదో అధ్యాయంలో. కథ ఇరుక్కుంటుంది. రచయిత దయ్యాన్ని సాయంత్రంపూట పడమటి ఆఫీసుకు పంపేస్తాడు, లేదా దానికి హఠాత్తుగా ఎగిరే శక్తి ఇస్తాడు. వినేవాళ్లలో పదేళ్ల పిల్ల ఠక్కున అడుగుతుంది, "నీడ అటు పడదు కదా?" అని. ఆ తర్వాత ఏ హాస్యమూ పండదు. ఇరుక్కున్నప్పుడు కొత్త శక్తి ఇవ్వకండి, పాత నిబంధనలో వాడని మూల వెతకండి. పౌర్ణమి వెన్నెల్లో కూడా నీడ పడుతుంది. ఆ రాత్రి ఆఫీసుకు తాళం ఉంటుంది నిజమే, కానీ గుమస్తా ఇల్లు పడమటనే ఉండొచ్చుగా.

పొడవు 33 నుంచి 35 వేల మాటలు పెట్టుకోండి. రెండు వేల మాటలకొక అధ్యాయం చొప్పున పదహారు, పదిహేడు వస్తాయి. అలాంటి అధ్యాయం నింపాదిగా పైకి చదివితే ఇరవై నిమిషాల చుట్టుపక్కల పడుతుంది, రాత్రి అన్నాల తర్వాత వినడానికి సరైన కొలత.

ఒక ముక్క దగ్గర్నుంచి

మొదటిసారి రాసినప్పుడు చాలామందికి ఇలా వస్తుంది:

"ఊరి చివర చింతచెట్టు మీద ఒక తమాషా దయ్యం ఉండేది. అది మాట్లాడితే ఎవరైనా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాల్సిందే! ఒకరోజు అది రేషన్ కార్డు కోసం ఆఫీసుకు వెళ్లింది. దయ్యం రేషన్ కార్డు అడగడం చూసి గుమస్తా బిత్తరపోయాడు!!"

తమాషా అని చెప్పారు గానీ తమాషా ఎక్కడా కనబడదు. గుమస్తా బిత్తరపోయాక ఇక చేసేదేముంది? పరుగెత్తాలి, లేదా మూర్ఛపోవాలి. రెండూ అరిగిపోయిన దారులే. ఇదే ముక్క తిరగరాస్తే:

"మామ్మా, చెట్టు ఎటేపుంది?" అన్నాడు గుమస్తా తలెత్తకుండా.

"మొదలు ఒడిశాలో ఉంది బాబూ. నాను కూకునే కొమ్మ ఆంధ్రాలో ఉంది."

"నివాసం అంటే మొదలే."

"మొదట్లో చీమలుంటాయి బాబూ."

గుమస్తా ఫారం తిప్పి రాసుకున్నాడు. కుటుంబ సభ్యులు: చీమలు.

మారినవి మూడు. గుమస్తా భయపడలేదు, అతనికి దయ్యమైనా దరఖాస్తుదారే. ఎవరూ నవ్వించడానికి మాట్లాడలేదు, ఇద్దరూ తమ పనిలో తాము గట్టిగా ఉన్నారు. మూడోది అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోవాల్సింది: నవ్వు తెప్పించే మాట ఆఖర్న పడింది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. "గుమస్తా కుటుంబ సభ్యుల గడిలో చీమలని రాసుకుని ఫారం పక్కన పెట్టాడు" అంటే చీమలు మధ్యలో నలిగిపోతాయి. వినేవాడు నవ్వబోయేలోపు ఫారం పక్కన పెట్టేస్తాం. అందుకని కీలకమైన మాట దగ్గర క్రియను ముందుకు లాగాలి, లేదా వాక్యాన్ని విరిచి ఆ మాటను ఒంటరిగా వదిలేయాలి. ఈ విరుపు పేజీకి ఒకటి రెండుసార్లు చాలు. ప్రతి పేరాకూ చేస్తే వినేవాళ్లు ముందే పసిగట్టేస్తారు.

రెండో ప్రతి రాసేటప్పుడు ఆశ్చర్యార్థకాలు అన్నీ కొట్టేయండి. "వింతగా", "తమాషాగా", "నవ్వొచ్చేలా" అన్న మాటలు వెతికి తీసేయండి. కథ చెప్పే గొంతు కూడా చమత్కారాలు చేస్తుంటే, పాత్రల చమత్కారానికి చోటుండదు. ఆ గొంతు పంచాయతీ తీర్మానం చదివినట్టు సీదాగా ఉండాలి.

మన మాట, పక్కింటి మాట

గిడుగు రామమూర్తిగారు పంతులుగా పనిచేసిన ఊరు పర్లాకిమిడి. ఆ గాలి పీలుస్తూ కూడా హాస్యాన్ని గ్రాంథికంలో రాస్తానంటే చింతచెట్టు దయ్యాలే నవ్వుతాయి. అయితే ఇటువైపు యాసను అక్షరమక్షరం అచ్చులోకి దించినా కష్టమే, చదివేవాడు రెండో పేజీకే అలసిపోతాడు. పద్ధతి ఏమిటంటే, కథ చెప్పే గొంతుకు మామూలు వాడుక తెలుగు, సంభాషణల్లోనే యాస. అందులోనూ పది పదిహేను రూపాలు ఎంచుకోండి: ఏటి, నాను, కూకున్నాడు, ఎల్లిపోనాడు, సెప్పు, ఇలాంటివి. వాటి జాబితా గోడకు అంటించుకుని పుస్తకమంతా అదే స్పెల్లింగు వాడండి. ఒకచోట "ఎల్లిపోనాడు", ఇంకోచోట "యెల్లిపోనాడు" అని పడితే ప్రూఫు దిద్దేవాడు రెండూ కలిపి "వెళ్లిపోయాడు" చేసేస్తాడు.

ఒడియా మాటలు రాకుండా ఇక్కడి తెలుగు ఉండదు, రానివ్వండి. కానీ విజయవాడలో చదివేవాడికి ఫుట్‌నోట్ అవసరం రాకూడదు. "పఖాళ గిన్నె ముందేసుకుని పచ్చిమిరపకాయ కొరికాడు" అంటే అది చద్దన్నం లాంటిదని ఎవరికైనా తెలిసిపోతుంది. ఒడియా తెలిస్తేనే పేలే జోకులను మాత్రం రెండు మూడుకు మించనివ్వకండి.

ఎవరి మీద నవ్వుతున్నామో కూడా చూసుకోవాలి. పరశురాముడు తపస్సు చేసుకుంటున్నాడు, సర్టిఫికెట్ అడిగేది ఆఫీసు. నవ్వు ఆఫీసు మీద పడితే కథ, దేవుడి మీద పడితే తగువు. మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో కించపరచడం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద నేరం. సవరలను, కొండ మీద ఊళ్లవాళ్లను మంత్రగాళ్లుగా పెట్టి హాస్యం చేయడం పాత అలవాటు, మానుకోండి. సవర భాషకు 1936లో మంగేయి గొమాంగో తయారుచేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి ఉంది. దాన్ని అట్ట మీద "మాయ అక్షరాలు"గా వాడితే అందంగా కనబడుతుందేమో గానీ, అది వాళ్లు పూజించే లిపి.

చదివి వినిపించే పరీక్ష

అచ్చుకు వెళ్లేముందు కనీసం మూడు అధ్యాయాలు పైకి చదివి వినిపించాలి. ఐదుగురు చాలు. వారిలో ఇద్దరు తెలుగు చదవడం రానివాళ్లై ఉండాలి, ఒకరు జిల్లా బయటివారై ఉండాలి. సొంత ఇంటివాళ్లు వద్దు, వాళ్లు మొహమాటానికి నవ్వుతారు, లేదా పంతానికి నవ్వరు. చదివేది రచయిత కాకుండా వేరేవారైతే ఇంకా మంచిది, ఎందుకంటే రచయిత గొంతు చచ్చిన జోకును కూడా లేపి కూర్చోబెడుతుంది. రచయిత పక్కన కూర్చుని తన ప్రతిలో గుర్తులు పెట్టుకోవాలి: నవ్వు వచ్చినచోట టిక్కు, వస్తుందనుకుని రానిచోట సున్నా, ఎవరైనా ఫోను తీసినచోట గీత. నోరు మాత్రం విప్పకూడదు.

సున్నాలను ఇంకో బృందం దగ్గర మళ్లీ చూడండి. రెండుచోట్లా సున్నా పడితే ఆ జోకు తీసేయడమే. గీతలు ఎక్కువ పట్టించుకోవాలి. ఫోను తీశారంటే సాధారణంగా దానికి అరపేజీ ముందు వర్ణన పొడుగైందన్నమాట.

అక్షరాలు కూర్చడం: పుస్తకాలు చెడిపోయేది ఇక్కడే

ఫోనులోనో కంప్యూటరులోనో మీరు టైపు చేసేది యూనికోడ్. కంప్యూటరులో పేజీలు కట్టే తెలుగు డీటీపీ కేంద్రాలు చాలావాటిలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పని నడుస్తుంది. మీ ఫైలును వాళ్లు కన్వర్టరులో వేసి మార్చుకుంటారు, ఆ మార్పిడిలో కొన్ని అక్షరాలు చెదురుతాయి. మన ప్రాంతానికి బాగా తగిలేది ఒకటుంది. "కోరాపుట్‌లో" అని రాసేటప్పుడు ట్ తర్వాత కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు ఉంటుంది. అది పోతే "కోరాపుట్లో" అవుతుంది, ట కింద ల వత్తు వచ్చి కూర్చుంటుంది. స్టేషన్‌లో, ఆఫీస్‌లో, రేషన్‌కు, ఇలా పొల్లుతో ముగిసే మాట ప్రతిదానికీ ఇదే ప్రమాదం. మార్చిన ఫైలు రాగానే ఇలాంటి మాటల జాబితా పెట్టుకుని ఒక్కొక్కటే వెతకాలి. కొటేషన్ గుర్తులు తలకిందులు కావడం, అంకెలు వేరే గుర్తులుగా మారడం కూడా ఇదే దశలో జరుగుతాయి.

వీలైతే యూనికోడ్‌లోనే పేజీలు కట్టించండి. లిబ్రే ఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, తెలుగు వత్తులు సరిగా చూపిస్తుంది, ఫాంటును పీడీఎఫ్‌లో పొదుగుతుంది. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవారు పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. మామూలు కంపోజర్‌లో ఉంచితే వత్తులు విడిపోయి పక్కకు పడతాయి. ఉచిత ఫాంట్లలో మండలి లోపలి పేజీలకు పనికొస్తుంది, రామభద్ర శీర్షికలకు బాగుంటుంది. గిడుగు పేరు మీద కూడా ఒక ఫాంటు ఉంది, పర్లాకిమిడి రచయిత పేరు అట్ట మీద అందులో పడితే ముచ్చటగానే ఉంటుంది.

అక్షరం 13 పాయింట్లు, పంక్తి దూరం 19 లేదా 20. తెలుగులో వత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి గనక ఇంగ్లీషు పుస్తకాల లెక్క పెడితే ఒక పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది. కూడబలుక్కుని చదివేవాళ్లకు అక్కడే వేలు జారుతుంది. రెండు అంచులూ సమంగా కడితే పొడుగు మాటల వల్ల మధ్యలో ఖాళీలు పడతాయి. అలాంటి పంక్తిలో మాటను అక్షరం దగ్గర చేత్తో విరవండి, వత్తును దాని అక్షరం నుంచి విడదీయకుండా. లేదా కుడి అంచు వదిలేసి ఎడమకు కట్టండి, సంభాషణలు ఎక్కువున్న పుస్తకానికి అది ఏమీ ఎబ్బెట్టుగా ఉండదు.

ప్రూఫు రెండుసార్లు, కాగితం మీద. తెర మీద థ, ధ ఒక్కలాగే కనబడతాయి. రెండోసారి ఆఖరి పేజీ నుంచి వెనక్కి చదవండి. కథలో పడితే తప్పులు కనబడవు.

ప్రెస్సు, కాగితం, వాన

సైజు డెమ్మీ 1/8, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు. ఈ సైజులో, పైన చెప్పిన అక్షరంతో పేజీకి 220 మాటల చుట్టూ పడతాయి. 33 వేల మాటలు 150 పేజీలు, ముందు పేజీలు కలిపితే 160. అచ్చు ఫారాల్లో, అంటే మడిచే పెద్ద కాగితాల్లో జరుగుతుంది, ఫారానికి 16 పేజీలు, కాబట్టి 160 అంటే పది నిండు ఫారాలు. 163 పేజీలు వస్తే ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారం ఖర్చు. ఆ మూడూ కథలోంచి తగ్గించడమే మేలు, సాధారణంగా కథకూ మంచిదే.

కాగితం 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) మ్యాప్‌లితో, అంటే మామూలు పుస్తకాల తెల్ల కాగితం చాలు. రెండో వైపు అక్షరం తొంగిచూడకూడదనుకుంటే 80. అట్ట 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, దాని మీద మెరవని ప్లాస్టిక్ పొర (మ్యాట్ లామినేషన్), వెన్ను జిగురుతో అతికించే పర్‌ఫెక్ట్ బైండింగ్. వెన్ను మందం ఈ పేజీలకు 7, 8 మిల్లీమీటర్లు వస్తుంది. కానీ ఊహించి అట్ట గీయించకండి, అదే కాగితంతో ఖాళీ నమూనా పుస్తకం (డమ్మీ) కట్టించి కొలవండి. ఒక్క మిల్లీమీటరు తేడాకు వెన్ను మీది పేరు ముందు అట్టకు జారుతుంది. అట్ట బొమ్మ అచ్చుకు వాడే నాలుగు సిరాల (సీఎమ్‌వైకే) రంగుల్లో, అంగుళానికి 300 చుక్కల (డీపీఐ) స్పష్టతతో, చుట్టూ కత్తిరింపులో పోయే 3 మిల్లీమీటర్ల అంచు (బ్లీడ్)తో ఇవ్వాలి. ఫోను తెర మీద మెరిసే నీలాలు, ఆకుపచ్చలు అచ్చులో మందగిస్తాయి, దయ్యం కళ్లకు ఆ రంగులు నమ్ముకోవద్దు.

ఐదు వందల లోపు ప్రతులైతే ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ అచ్చు, అంతకు మించితేనే ప్లేట్లు చేసి వేసే ఆఫ్‌సెట్ అడగండి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు వంద ప్రతులకైనా వెయ్యికైనా ఒకటే. మొదటి పుస్తకానికి మూడు వందలు చాలు. ప్రెస్సులో తెలుగు చదివేవాడు లేకపోతే ఎంత దగ్గరైనా, ఎంత చవకైనా వద్దు. పేజీలు తలకిందులైనా అక్కడ గుర్తుపట్టేవాడు ఉండడు. బరంపురం, విశాఖపట్నం, విజయవాడ మూడూ ఒకే రైలు దారి మీదున్నాయి, కట్టలు రైలు పార్సిల్లో తెచ్చుకోవచ్చు.

గిడుగువారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం ఆగస్టు 29. ఆ రోజే ఆవిష్కరణ పెట్టుకోవాలని అందరికీ ఉంటుంది. పెట్టుకోండి, కానీ అచ్చు మే నెలలోపు ముగించండి. వానాకాలంలో కాగితం చెమ్మ పీలుస్తుంది. లామినేషన్ ఉన్న పై వైపు పీల్చదు, లోపలి వైపు పీల్చి సాగుతుంది, అట్ట విల్లులా పైకి లేస్తుంది. అట్ట గ్రెయిన్, అంటే కాగితంలోని నారల వరుస, వెన్నుకు సమాంతరంగా ఉంటే ఇది చాలావరకు తగ్గుతుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడే ఆ మాట అనండి. పరీక్ష తేలిక: అట్ట ముక్కను చింపితే గ్రెయిన్ వెంబడి తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా వంకరటింకరగా.

కట్టలు నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. చెక్క బల్ల మీద, గోడకు జానెడు దూరంలో, ప్లాస్టిక్ చుట్టి ఉంచండి. ఈ తీరానికి అక్టోబరు తుఫానులు కొత్త కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి గజపతి జిల్లాను వరదల్లో ముంచింది. సెప్టెంబరు చివరకల్లా సగం ప్రతులు వేరే ఊళ్లో ఉంచడం తెలివి.

నంబరు, హక్కు, నాలుగు ప్రతులు

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే పదమూడు అంకెల నంబరు, మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఇస్తుంది, రచయిత తనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీనికి ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. అచ్చు పుస్తకానికి ఒక నంబరు, ఈబుక్‌కు వేరే నంబరు. పదమూడు అంకెల్లో ఒక్కటి తప్పు పడినా బార్‌కోడ్ పనిచేయదు. సరిచూసుకునే పద్ధతి: మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 3తో, మూడోదాన్ని 1తో, ఇలా చివరిదాకా గుణించి కూడండి. మొత్తం 10తో నిశ్శేషంగా భాగింపబడాలి. బార్‌కోడ్ నలుపులో, తెల్లటి గడి మీద ఉండాలి. గడికి 37 మిల్లీమీటర్ల వెడల్పు, 26 ఎత్తు వదలండి.

రాసిన రోజు నుంచే కాపీరైటు మీది, నమోదు తప్పనిసరి కాదు. అట్ట బొమ్మ గీసినవారితో మాత్రం రెండు వాక్యాల కాగితం రాయించుకోండి: బొమ్మ ఏయే ముద్రణలకు వాడొచ్చు, ఈబుక్‌కు, పోస్టరుకు కూడానా అని. లేకపోతే రెండో ముద్రణ నాడు మాట మాట పెరుగుతుంది.

1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. సొంతంగా వేసుకున్నవారు దీన్ని మర్చిపోతుంటారు. పంపితే మీ చింతచెట్టు దయ్యం కోల్‌కతాలో శాశ్వత నివాసి అవుతుంది, రేషన్ కార్డు లేకుండానే.

ధర, అమ్మకం

లెక్క ఒకటి వేసి చూద్దాం. డీటీపీ, అట్ట, ప్రూఫు, అచ్చు, రవాణా అన్నీ కలిపి 300 ప్రతులకు 27,000 రూపాయలు అయిందనుకోండి. ప్రతికి 90. కానీ యాభై ప్రతులు ఉచితంగా పోతాయి: లైబ్రరీలకు, సమీక్షలకు, బొమ్మ గీసినవారికి, చుట్టాలకు. మిగిలిన 250 మీద ఖర్చు పరిస్తే ప్రతికి 108. ధర 150 పెట్టి పుస్తకాల షాపుకు 40 శాతం ఇస్తే చేతికొచ్చేది 90, ప్రతి మీద 18 నష్టం. ధర 200 అయితే 120 వస్తుంది, 12 మిగులుతుంది. అదే మీరు నేరుగా అమ్మితే 92. కాబట్టి ధర 200, షాపులకు యాభై ప్రతులు మించకుండా, తక్కినవి చేతుల మీదుగా, పోస్టులో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో.

మన ఊళ్లలో బాగా అమ్ముడయ్యే చోటు షాపు కాదు, ఒక అధ్యాయం చదివి వినిపించిన గది. ఒక్క అధ్యాయమే చదవండి, నీడ గుమ్మం దాటబోతుండగా ఆపేయండి.

160 పేజీల ఈ పుస్తకం 70 జీఎస్‌ఎం కాగితంతో 190 గ్రాముల దగ్గర తూగుతుంది, కవరుతో కలిపినా 230 దాటదు. తపాలా శాఖ 2025 మే 1న జ్ఞాన పోస్ట్ మొదలుపెట్టింది. అప్పటి ధర 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. విద్య, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధ అచ్చు పుస్తకాలకే అది. పుస్తకం మీద ప్రకాశకుల పేరో ముద్రాపకుల పేరో ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. మొదటి కట్ట కట్టకముందే ఒక ప్రతి కౌంటరులో చూపించి మాట్లాడుకోండి. ఆఖరి పేజీలో బట్టల షాపు ప్రకటన వేసుకుని ఖర్చు రాబట్టుకుందామనుకునేవారు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ఈబుక్ కావాలంటే ఈపబ్ (తెర సైజుకు తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఫైలు) చేయించండి. పీడీఎఫ్ బయటికి వదిలితే సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది. అమెజాన్ ఈబుక్ వేదిక కిండిల్ 2016 చివర్లో ఐదు భారతీయ భాషలతో మొదలైనప్పుడు వాటిలో తెలుగు లేదు. ఏ వేదికకైనా ఇవ్వబోయే ముందు తెలుగు వాళ్ల జాబితాలో ఉందో లేదో ఆ రోజున చూసుకోండి. మన ప్రాంతానికి అంతకంటే పనికొచ్చేది ఆడియో. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, పరుపులు, దుప్పట్లు ఉన్న గదిలో, ఫోను నోటికి జానెడు దూరంలో కాస్త పక్కగా పెట్టి రికార్డు చేయండి. ఎదురుగా పెడితే ప, బ పలికినప్పుడల్లా గాలి కొట్టుకుంటుంది. ఒకరే గొంతు మార్చకుండా చదవాలి. దయ్యానికి కీచుగొంతు పెడితే పిల్లలు మొదటి నిమిషం నవ్వుతారు, మూడో నిమిషంలో లేచిపోతారు.

రాయడం నేర్పే చిన్న పుస్తకం

రెండు నవలలు బయటికొచ్చాక "మాకూ నేర్పండి" అని అడిగేవారు వస్తారు. అప్పుడు ఒక కరదీపిక వేయొచ్చు, అంతకుముందు వద్దు. 48 పేజీలు, మూడు ఫారాలు, మధ్యలో పిన్ను కొట్టిన బైండింగ్. సిద్ధాంతాలు వద్దు. మీ నవల నిబంధనల కాగితం ఉన్నదున్నట్టు వేయండి, ఆరు చోట్ల మొదటి ప్రతి ఎడమ పేజీలో, దిద్దిన ప్రతి కుడి పేజీలో ఎదురెదురుగా వేసి, ఏది ఎందుకు కొట్టేశారో మార్జినులో ఒక వాక్యం రాయండి. ఇతరుల పుస్తకాల్లోంచి పేరాలు ఎత్తకండి, అనుమతుల తలనొప్పి ఎందుకు? పైగా మీరు కొట్టేసినవి మీ దగ్గరే కావలసినన్ని ఉంటాయి. చదివేవాళ్లు తమ నిబంధనలు రాసుకోవడానికి చివర నాలుగు గీతల పేజీలు వదలండి. ఆ పుస్తకానికి ఆర్ట్ పేపరు వాడకండి, పెన్ను సిరా దాని మీద ఆరక అలుక్కుపోతుంది. 70 జీఎస్‌ఎం మ్యాప్‌లితోనే సరి.